నగరం ఎక్కడి నీళ్లు తాగుతోంది?

బాలలూ! విశాఖపట్నంలో ఏదో ఒక వీధిలో మీ వయసు పిల్లవాడు కుళాయి తిప్పి బిందె నింపుకుంటున్నాడనుకోండి. ఆ నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయి? "ట్యాంకు నుంచి" అంటారు మీరు. ట్యాంకులోకి ఎక్కడి నుంచి? "గొట్టంలోంచి." గొట్టంలోకి? ఇలా ఒక్కొక్క ప్రశ్నే వేసుకుంటూ వెనక్కి నడిస్తే మనం సముద్రపు ఒడ్డున ఉన్న ఆ మహానగరం నుంచి బయలుదేరి, పొలాల మీదుగా, కాలువ గట్ల వెంట తూర్పు కనుమల అడుగు దాకా వచ్చేస్తాం. దారిలో మా చోడవరం ప్రాంతం కూడా తగులుతుంది.

చోడవరం తెలియని వారికి ఒక మాట. ఇది 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. చుట్టూ చెరకు, వరి పొలాలు. అనకాపల్లి బెల్లం తిన్నారా? ఆ బెల్లంలో కొంత తీపి ఈ పొలాలదే. ఈ ప్రాంతానికి ఆధారం శారదా నది. అనంతగిరి వైపు కొండల్లో పుట్టి, అనకాపల్లి మీదుగా పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఈ నది మీద దేవరాపల్లి దగ్గర రైవాడ జలాశయం కట్టారు. దాని కింద సుమారు 15 వేల ఎకరాల ఆయకట్టు ఉంది. అదే జలాశయం నుంచి కాలువ ద్వారా విశాఖపట్నానికి తాగునీరు కూడా పోతుంది. రైవాడ నీరు మొత్తం సేద్యానికే ఇవ్వాలని ఇక్కడి రైతులు చాలా ఏళ్లుగా అడుగుతున్నారు. నీరు లేకపోతే మేమెలా బతకాలని నగరం అడుగుతుంది. ఇద్దరిదీ దాహమే. మరి ఈ తగవు తీరేదెలా? కోపతాపాలు కాసేపు పక్కన పెట్టి, పలకా బలపం తీసుకుని లెక్క వేసి చూద్దాం.

ఊరు పెరిగింది, బావి దూరమైంది

1901లో విశాఖపట్నం జనాభా సుమారు 41 వేలు. ఇవాళ మన మండల కేంద్రాల్లో కొన్నింటికి అంతకు తక్కువ ఉండదు. 1933లో ఓడరేవు తెరిచారు. తరువాత నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, ఆపైన ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం వచ్చాయి. పనికోసం జనం వచ్చారు. 2005లో గాజువాకనూ, చుట్టుపక్కల గ్రామాలనూ కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థను ఏర్పరచారు. 2011 జనాభా లెక్కల్లో ఆ నగరపాలక పరిధిలో 17 లక్షల 28 వేల మంది ఉన్నారు. హద్దులు కూడా పెరిగాయి కాబట్టి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టడం పూర్తిగా న్యాయం కాదు. అయినా నలభై రెట్లు దాటిన పెరుగుదల చిన్నదేమీ కాదు కదా!

ఊరు చిన్నగా ఉన్నప్పుడు ఇంటి బావులూ, ఊరి చెరువులూ సరిపోయేవి. తరువాత కంబాలకొండ పక్కన ముడసర్లోవ జలాశయం కట్టుకున్నారు. అదీ చాలలేదు. మేఘాద్రి గెడ్డకు అడ్డుకట్ట వేశారు. ("గెడ్డ" అంటే మా ఉత్తరాంధ్రలో చిన్న ఏరు.) గోస్తనీ నది మీది తాటిపూడి నుంచీ, శారద మీది రైవాడ నుంచీ కూడా తెచ్చుకున్నారు. ఉక్కు కర్మాగారం కోసమైతే ఏలేరు జలాశయం నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఆ ఏలేరు కూడా చాలనప్పుడు గోదావరి నీటిని పంపులతో తోడి ఆ కాలువలో కలిపే ఏర్పాటు ఉంది.

గమనించారా? ప్రతిసారీ నగరం ఒక అడుగు ముందుకు వేసినప్పుడల్లా దాని బావి నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఇలా జరుగుతూ పోతే చివరికి ఏ నది మిగులుతుంది?

1987లో నార్వే దేశపు బ్రంట్లాండ్ అధ్యక్షత వహించిన ఐక్యరాజ్య సమితి సంఘం ఒక నివేదిక ఇచ్చింది. ఇప్పటివారి అవసరాలు తీరాలి, కానీ రేపు పుట్టబోయే వారి అవసరాలకు గండి పడకూడదు, అలాంటి అభివృద్ధినే సుస్థిర అభివృద్ధి అనాలని అందులో చెప్పారు. మన సౌకర్యం కోసం నేను దానికి ఇంకో ముక్క చేరుస్తాను: ఎగువ ఊరివారి అవసరాలకు కూడా గండి పడకూడదు.

ఇక లెక్క

నగరాల్లో భూగర్భ మురుగు కాలువలు ఉన్నచోట మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ఇవ్వాలని మన దేశంలో ప్రమాణం. తాగడానికి, వంటకు, స్నానానికి, బట్టలకు, మరుగుదొడ్డికి అన్నీ కలిపి. 17 లక్షల 28 వేలను 135తో గుణించండి. రోజుకు సుమారు 23 కోట్ల 33 లక్షల లీటర్లు వస్తుంది. 365తో గుణిస్తే ఏడాదికి సుమారు 8,515 కోట్ల లీటర్లు.

జలాశయాలను టి.ఎం.సి.లలో కొలుస్తారని పత్రికల్లో చదివే ఉంటారు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. లీటర్లలో సుమారు 2,832 కోట్లు. కాబట్టి 2011 నాటి నగరపు ఇళ్ల అవసరం ఏడాదికి మూడు టి.ఎం.సి.లు. రైవాడ జలాశయం నిండితే పట్టే నీరు సుమారు మూడున్నర టి.ఎం.సి.లు. అంటే ఇళ్లకు మాత్రమే, కర్మాగారాల మాట వదిలేసినా, దాదాపు ఒక రైవాడ కావాలి. జనాభా 2011 దగ్గర ఆగిపోలేదని మీకు చెప్పనక్కరలేదు.

న్యాయంగా రెండో వైపు లెక్క కూడా వేయాలి. చెరకు పంటకు నాటినప్పటి నుంచి నరికేదాకా, వానతో కలిపి, ఒకటిన్నర నుంచి రెండున్నర మీటర్ల లోతు నీరు పడుతుంది. తక్కువ అంకే తీసుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. దాన్ని ఒకటిన్నరతో గుణిస్తే సుమారు 6,070 ఘనపు మీటర్లు, అంటే 60 లక్షల 70 వేల లీటర్లు. నగరంలో ఒక మనిషి ఏడాదికి వాడేది 49 వేల లీటర్ల పైచిలుకు. కనుక ఒక్క ఎకరం చెరకు తాగే నీటితో 120 మందికి పైగా నగరవాసులు ఏడాది గడపవచ్చు. మా తరగతిలో ఈ లెక్క వేసినప్పుడు రైతుల పిల్లలు కాసేపు మౌనంగా ఉండిపోయారు. అయితే ఆ చెరకు తాగే నీటిలో చాలా భాగం వానదే, జలాశయానిది కాదు. ఆ చెరకుతో చేసిన చక్కెర తినేదీ నగరమే. ఈ రెండూ కూడా మరచిపోకూడదు.

ఆకాశం ఇచ్చేది ఎంత?

విశాఖపట్నంలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వాన పడుతుంది. వెయ్యి మిల్లీమీటర్లంటే ఒక మీటరు. అంటే, పడిన చినుకు పడినచోటే ఆగిపోతే ఏడాది చివరికి నగరమంతటా మీటరు లోతున నీరు నిలుస్తుందన్నమాట. ఒక చదరపు కిలోమీటరు మీద మీటరు నీరంటే వంద కోట్ల లీటర్లు. మనకు కావలసింది 8,515 కోట్ల లీటర్లు. అది సుమారు 85 చదరపు కిలోమీటర్ల మీద పడే వానతో సమానం. నగరపాలక సంస్థ విస్తీర్ణమో, 500 చదరపు కిలోమీటర్లు దాటింది!

"అయితే రైవాడ ఎందుకు, ఏలేరు ఎందుకు?" అని అడుగుతారు. తొందరపడకండి. ఆ వానంతా పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. వాన ఏడాదంతా సమానంగా పడదు. ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపల, అదీ కొద్ది రోజుల్లో, తుఫాను వచ్చిందంటే ఒక్క రాత్రిలో పడిపోతుంది. కొంత ఆవిరవుతుంది. కొంత చెట్లు తాగుతాయి. అయినా ఇప్పుడు పట్టుకుంటున్నది మరీ తక్కువ. ఎందుకో ఒక ప్రయోగం చేసి చూడండి.

రెండు వెడల్పాటి పళ్ళాలు తీసుకోండి. ఒక దానిలో నాలుగు వేళ్ల మందాన మట్టి పోసి గడ్డి పెళ్ల అమర్చండి. రెండోదానిలో నాపరాయి గానీ పెంకు గానీ పెట్టండి. రెండింటినీ ఒకవైపు రెండంగుళాలు ఎత్తి ఏటవాలుగా ఉంచి, దిగువ అంచు కింద గిన్నె పెట్టండి. అడుగున చిల్లులు పొడిచిన డబ్బాతో ఒక్కొక్క లీటరు నీరు వాన కురిసినట్టు పోయండి. గిన్నెల్లో ఎంత నీరు చేరిందో, ఎంతసేపటికి చేరిందో కొలిచి రాసుకోండి. రాతి పళ్ళెం నీటిని క్షణాల్లో దాదాపు అంతా వదిలేస్తుంది. గడ్డి పళ్ళెం సగం దాచుకుంటుంది, మిగతాది నిదానంగా వదులుతుంది. గడ్డి కింద నుంచి వచ్చిన నీరు తేటగా ఉందా, బురదగా ఉందా, అదీ చూడండి.

నగరం చేసిందేమిటంటే గడ్డి పళ్ళేన్ని రాతి పళ్ళెంగా మార్చింది. సిమెంటు ముంగిలి, తారు రోడ్డు, మేడ కప్పు, వీటి మీద పడిన చినుకు నేలలోకి దిగకుండా కాలువలోకి దూకి, అక్కడి నుంచి గెడ్డలోకి, గెడ్డ నుంచి సముద్రంలోకి పరుగెత్తుతుంది. అందుకే ఒకే నగరంలో అక్టోబరులో మోకాలి లోతు వరద, మే నెలలో ఎండిన బోరు. రెండింటికీ కారణం ఒకటే!

ఇప్పుడు ఒక్క ఇంటి కప్పు చూద్దాం. వంద చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి లక్ష లీటర్లు పడతాయి. ఐదో వంతు పోయినా 80 వేల లీటర్లు మిగులుతాయి. నలుగురున్న కుటుంబానికి రోజుకు 540 లీటర్లు కావాలి. భాగించి చూడండి. దాదాపు ఐదు నెలల నీరు! ఆ ఇంటి పెరట్లో ఇంకుడు గుంత ఒకటి ఉంటే, అంటే కంకర, ఇసుక పొరలు నింపిన గొయ్యి ఉంటే, అది కింద నేలలోకి చేరుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2003లో ప్రతి భవనానికీ వాననీటి ఏర్పాటు తప్పనిసరి చేసింది. అయితే గొయ్యి తవ్వడంతోనే పని పూర్తవదు. ఏటా తొలకరికి ముందు పూడిక తీసి, ఇసుక కడగాలి. లేకపోతే అది కూడా ఇంకో చెత్త గుంతే.

ఉప్పునీరు పొంచి ఉంది

సముద్రపు ఒడ్డు నగరానికి ఇంకో చిక్కుంది. ఇది భౌతిక శాస్త్రంలో ఎంతో చక్కని పాఠం కనుక కాస్త నిదానంగా చెబుతాను.

తీరం దగ్గర నేల లోపల రెండు రకాల నీళ్లుంటాయి. పైన వాననీరు, కింద సముద్రం నుంచి చొరబడిన ఉప్పునీరు. ఉప్పునీరు బరువు కాబట్టి అడుగున ఉంటుంది, మంచినీరు దాని మీద తేలుతుంది. మంచినీటి సాంద్రత 1 అనుకుంటే సముద్రపు నీటిది సుమారు 1.025. ఈ చిన్న తేడాలోనే పెద్ద సంగతి ఉంది. 40 మీటర్ల ఎత్తైన ఉప్పునీటి స్తంభం, 41 మీటర్ల మంచినీటి స్తంభం సమాన బరువు తూగుతాయి. నలభైని 1.025తో గుణించి చూసుకోండి. కనుక నేలలో మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక్క మీటరు ఎత్తున ఉంటే, సముద్రమట్టానికి 40 మీటర్ల దిగువ దాకా ఉప్పునీటిని అదిమి పట్టగలుగుతుంది.

ఇప్పుడు తిరగేసి చూడండి. బోర్లు వేసి తోడితోడి ఆ మట్టాన్ని ఒక మీటరు దించామనుకోండి. కింది హద్దు ఒక మీటరు పైకి రాదు, కాలక్రమాన నలభై మీటర్లు పైకి వస్తుంది! పైన ఒక రూపాయి ఖర్చు పెడితే కింద నలభై రూపాయలు పోయినట్టు. ఇసుక నేలలో ఈ లెక్క బాగా సరిపోతుంది. విశాఖ కొండల్లోని ఖోండలైట్ రాతి పగుళ్లలో ఇంత సరళంగా నడవదు గానీ సూత్రం అదే. ఒకసారి ఉప్పెక్కిన బోరును తిరిగి తీపి చేయడానికి ఎన్నో ఏళ్ల వానలు కావాలి.

దీన్ని గాజు గ్లాసులో చూడవచ్చు. సగం గ్లాసు ఉప్పునీటిలో కాస్త సిరా కలపండి. దాని మీద చెంచా వీపు మీదుగా మంచినీటిని మెల్లగా జారవిడవండి. రెండు పొరలు విడిగా నిలుస్తాయి. సూది తీసేసిన సిరంజికి సన్నని గొట్టం తగిలించి, దాని కొనను రంగు పొరకు కాస్త పైన ఉంచి నీరు లాగండి. నెమ్మదిగా లాగితే మంచినీరే వస్తుంది. గబుక్కున లాగితే? రంగునీరు శిఖరంలా పైకి లేచి గొట్టంలో దూరుతుంది. తీరంలో పెద్ద మోటార్లు చేసే పని సరిగ్గా ఇదే.

ఒకసారి వాడిన నీరు

మనం వాడిన నీటిలో సుమారు ఐదింట నాలుగు వంతులు మురుగునీరుగా బయటికి పోతాయి. పైన వేసిన లెక్క ప్రకారం రోజుకు 18 కోట్ల లీటర్ల పైమాటే. ఇది వానలాగ నెలలు చూసుకుని రాదు. మండువేసవిలో కూడా ప్రతి ఉదయం తప్పకుండా వచ్చే నది ఇది! శుద్ధి చేయకుండా వదిలితే గెడ్డల్ని పాడుచేస్తుంది. శుద్ధి చేస్తే కర్మాగారాలకు పనికొస్తుంది. ముందు జల్లెడతో చెత్త తీస్తారు. తొట్టెల్లో ఇసుక, మట్టి అడుక్కి దిగనిస్తారు. తరువాత గాలి బుడగలు పంపి సూక్ష్మజీవులను పెంచితే అవి మలినాన్ని తినేస్తాయి. చివర వడపోత, క్రిమి సంహారం. యంత్రాలను చల్లార్చడానికి గంగాజలం అక్కరలేదు కదా.

2019 వేసవిలో చెన్నై జలాశయాలు ఎండి, ఆ జూలైలో జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో నీరు మోసుకొచ్చారు. అంతకు చాలా ముందే, 1996 నుంచి, ఆ నగరానికి కృష్ణా నీరు మన కండలేరు మీదుగా పోతోంది. ఎంత దూరం నుంచి తెచ్చినా చాలలేదన్నమాట. అదే 2019లో కొడుంగైయూరులో మురుగునీటిని రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల మేర పరిశ్రమలకు పనికొచ్చేలా శుద్ధి చేసే కేంద్రం ప్రారంభమైంది. సింగపూరులో 2003 నుంచే అలాంటి కేంద్రాలున్నాయి. నమీబియా రాజధాని విండ్‌హుక్‌లో 1968 నుంచి శుద్ధి చేసిన మురుగునీటిని తాగునీటిలోనే కలుపుతున్నారు. ముఖం చిట్లించకండి. ప్రకృతి కూడా నీటిని మళ్లీ మళ్లీ వాడుతూనే ఉంది, మధ్యలో మేఘం అనే తెర ఉండటం వల్ల మనకు కనబడదు.

విశాఖ ఏమీ చేయలేదని అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని అతలాకుతలం చేసి చెట్లనూ దీపస్తంభాలనూ కూల్చాక, 90 వేలకు పైగా వీధిదీపాలను తక్కువ విద్యుత్తుతో వెలిగే ఎల్.ఇ.డి. దీపాలుగా మార్చారు. 2018లో ముడసర్లోవ నీటి మీద తేలే సౌరఫలకాలు అమర్చారు. వాటి సామర్థ్యం రెండు మెగావాట్లు. నీటి చల్లదనం వల్ల ఫలకాలు బాగా పనిచేస్తాయి, ఫలకాల నీడ వల్ల నీరు తక్కువ ఆవిరవుతుంది. ఒకే దెబ్బకు రెండు లాభాలు. ఆ జలాశయం పక్కనే సుమారు 70 చదరపు కిలోమీటర్ల కంబాలకొండ అభయారణ్యం ఉంది. మన ప్రయోగంలోని గడ్డి పళ్ళెం నగరానికి మిగిలింది అక్కడే. దాన్ని కొరుక్కు తినకుండా కాపాడుకోవడం ఏ కొత్త జలాశయం కట్టడం కంటే చవక.

మళ్లీ శారద గట్టు మీదికి

ఇప్పుడు తగవు దగ్గరికి వద్దాం. నగరవాసి గొంతు ఎండగట్టమని ఎవరూ అనరు. కానీ తన కప్పు మీది వానను సముద్రానికి వదిలేసి, తన మురుగును గెడ్డకు వదిలేసి, తన గొట్టాల్లో కారే నీటిని నేలకు వదిలేసి (మన దేశంలో చాలా నగరాల్లో మూడో వంతు దాకా నీరు లెక్క తేలకుండా పోతుంది), ఆపైన ఎగువ రైతును అడగడం సబబు కాదని నా అభిప్రాయం. ముందు తన ఇంట్లో వెతుక్కుని, తక్కువ పడినంత అడగాలి. అడిగినదానికి బదులు కూడా ఇవ్వాలి.

ఎలా ఇస్తారు? న్యూయార్కు నగరం చేసి చూపించింది. దాని నీరు చాలా వరకు దూరంగా కాట్‌స్కిల్ కొండల నుంచి వస్తుంది. నీరు మురికి కాకుండా కోట్ల ఖర్చుతో వడపోత కర్మాగారం కట్టడమా, కొండనే శుభ్రంగా ఉంచడమా అని ఆలోచించి, 1997లో ఎగువ గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. అడవుల రక్షణకూ, రైతుల పశువుల పేడ వాగుల్లో కలవకుండా చేసే ఏర్పాట్లకూ నగరమే డబ్బు పెట్టింది. ఆ లెక్కన విశాఖ నగరం శారద ఎగువన కొండల మీద చెట్లు పెంచడానికీ, రైవాడ కాలువల మరమ్మతుకూ, చెరకు తోటల్లో బొట్టుబొట్టుగా నీరందించే బిందు సేద్యానికీ తోడ్పడితే, రైతుకు మిగిలిన నీరే నగరానికి పోతుంది. అప్పుడది లాక్కున్న నీరు కాదు, కొనుక్కున్న నీరు.

చోడవరం కూడా ఇప్పుడు పల్లెటూరులా లేదు. రోడ్డుకు రెండు వైపులా మేడలు లేచాయి, ముంగిళ్లు సిమెంటయ్యాయి. మీ ఊళ్లోనూ అంతే అయి ఉంటుంది. అందుకని ఈ నెల మీకు రెండు పనులు.

మొదటిది: కారే కుళాయి కింద చిన్న కొలత గ్లాసు పెట్టండి. సెకనుకు ఒక చుక్క చొప్పున పడితే, ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రోజుకు సుమారు 4.3 లీటర్లు. మీ కుళాయి చుక్క ఇంకా పెద్దదేమో కొలవండి. బడిలో కారే కుళాయిలు ఎన్నో లెక్కించి, ఏడాది మొత్తం కట్టి ప్రధానోపాధ్యాయులకు చూపించండి. రెండవది: మీ బడి కప్పు మీద ఏడాదికి ఎన్ని లీటర్ల వాన పడుతుందో కనుక్కోండి. మీ జిల్లా వర్షపాతం మీ సాంఘిక శాస్త్రం మాస్టారిని అడిగితే చెబుతారు. పొడవు వెడల్పులు కొలవడానికి కప్పు ఎక్కవద్దు. నేల మీద నుంచే గోడల వెంట టేపు పట్టి కొలిస్తే చాలు.